శ్యామలమ్మ వేసిన తాళం

సింగన్‌వాడి ఆడవాళ్లు చీపుళ్లు పట్టుకుని వెళ్లి రామ్‌దాస్ బెల్టు షాపును మూయించిన సంగతి, దాని తలుపుకు తాళం వేసి తాళంచెవిని శ్యామలమ్మ కొంగుకు ముడివేసిన సంగతి కిందటి వారం చూశాం. కొడుకు శేఖర్‌ను తాగుడు తీసుకుపోయింది కాబట్టి తాళంచెవి ఉండాల్సింది ఆమె దగ్గరేనని అందరూ ఒక్క మాట మీద నిలబడ్డారు. నలుగురిలో నోరు విప్పని మనిషి ఆ రోజు షాపు మెట్ల మీద కూర్చుని, లేవనంటే లేవనన్నది.

ఆ తరువాత కొన్నాళ్లు ఊరు చల్లగా ఉంది. పొద్దుగూకితే ఏ ఇంట్లోంచీ అరుపులు లేవు. కొందరు మగవాళ్లు రెంజల్ దాకా నడిచి వెళ్లి తాగి వచ్చేవాళ్లు. కానీ ఇల్లు చేరేసరికి తాగినది దిగిపోయి కాళ్ల నొప్పులే మిగిలేవి. బీడీలు చుట్టుకుంటూ ఆడవాళ్లు ఆ మాట చెప్పుకుని నవ్వుకునేవాళ్లు.

శ్యామలమ్మ నవ్వలేకపోయింది. ఏదైనా మంచి జరిగితే ఆమెకు భయం. దాని వెనకాల ఏది నడిచి వస్తున్నదోనని వాకిలి వైపు చూస్తూ ఉంటుంది. అనుకున్నట్టే ఆదివారం పొద్దున గ్రామ కమిటీ నుంచి పిలుపు వచ్చింది.

ఆ వైపు ఊళ్లలో పంచాయతీ వేరు, కమిటీ వేరు. చెరువులో చేపలు ఎవరు పట్టాలో, గుడికి సున్నం ఎప్పుడు వేయాలో, ఊళ్లోకి ఏది రావాలో ఏది రాకూడదో కమిటీ చెబుతుంది. డప్పు కొట్టించి చెప్పిందంటే అది ఊరి మాట. దాన్ని దాటినవాళ్లకు జుర్మానా వేస్తుంది. జుర్మానా కట్టకపోతే ఆ ఇంటితో ఎవరూ మాట్లాడకూడదు, ఆ ఇంటికి నిప్పు కూడా ఇవ్వకూడదు. శ్యామలమ్మ ఆ రెండింటికీ సిద్ధపడే బయలుదేరింది. మనవరాలు నిఖితను ఇంట్లోనే ఉండమని, ఎవరు పిలిచినా తలుపు తీయవద్దని చెప్పింది. నాలుగో తరగతి చదువుతున్న పిల్ల, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే సరేనన్నది.

కమిటీ ఇల్లు బడి పక్కనే ఉంది. పక్కింటి ఈరవ్వ, ఇంకా పది మంది ఆడవాళ్లు అప్పటికే వచ్చి గోడవారగా నిలబడి ఉన్నారు. కమిటీ పెద్ద భోజన్న లేచి శ్యామలమ్మకు కుర్చీ వేశాడు. పసుపు పండించే రైతు అతను. ఆమె భర్త బతికున్న రోజుల నుంచీ వదినె అని పిలుస్తాడు. ఆ కుర్చీని చూసి శ్యామలమ్మకు భయం ఇంకా పెరిగింది. జుర్మానా వేసేవాళ్లు కుర్చీ వేయరు.

అంతకంటే ఆశ్చర్యం, ఆదివారం పూట వినీత టీచర్ అక్కడ ఉంది. నిజామాబాద్ కంఠేశ్వర్ నుంచి రోజూ బస్సులో వచ్చే ఆ అమ్మాయి, సెలవు రోజు బడి హెడ్మాస్టర్ ఆత్మారాం సారు పక్కన ఒదిగి కూర్చుని ఉంది. ఎందుకు రమ్మన్నారో ఆమెకూ తెలిసినట్టు లేదు. మనవైపు మాట్లాడడానికే వచ్చిందేమోనని ఈరవ్వ శ్యామలమ్మ చెవిలో అన్నది.

భోజన్న షాపు మాట ఎత్తలేదు. బడి మాట ఎత్తాడు. కొన్నేళ్ల కిందట ఆ బడికి ఇద్దరు సర్కారు టీచర్లు ఉండేవారు. పిల్లలు తక్కువయ్యారని పైనుంచి వచ్చిన ఉత్తర్వుతో ఒకరిని వేరే ఊరికి పంపేశారు. ఉన్న ఒక్క సారు అయిదు తరగతులకు ఏం చెబుతాడని తల్లిదండ్రులు పిల్లలను బోధన్ ప్రైవేటు బడి వ్యానులో ఎక్కించారు. దాంతో పిల్లలు ఇంకా తగ్గారు. పిల్లలు లేరని టీచర్‌ను తీస్తారు, టీచర్ లేడని పిల్లలను తీస్తారు. ఈ తిరగలిలో బడి పిండిపిండి అయిపోతున్నదని భోజన్న, కమిటీవాళ్లు నిజామాబాద్ వెళ్లి ఆఫీసుల చుట్టూ తిరిగారు. పోస్టు మంజూరు లేదన్నారు. నిధులు లేవన్నారు. ఇంకా తగ్గితే రెంజల్ బడిలో కలిపేస్తామన్నారు.

అప్పుడు కమిటీ డప్పు కొట్టించింది. వ్యాను ఊళ్లోకి రాకూడదు, ఊరి పిల్లలు ఊరి బడికే పోవాలి, టీచర్‌ను ఊరే పెట్టుకుంటుంది అని. అలా వచ్చింది వినీత. వచ్చిన ఏడాదికే బడి నిండింది. అంతవరకు అక్షరాలు కూడబలుక్కునే నిఖిత, ఇప్పుడు అవ్వ బీడీలు చుడుతుంటే పక్కన కూర్చుని పాఠాలు చదివి వినిపిస్తుంది. వింటూ వింటూ శ్యామలమ్మకు కూడా బస్సు మీద ఊరి పేరు చదవడం వచ్చింది.

ఇవన్నీ ఆమెకు తెలిసిన సంగతులే. ఇప్పుడెందుకు చెబుతున్నాడో అర్థం కాక కుర్చీ అంచున కూర్చుంది.

“వదినె, టీచరమ్మకు జీతం ఎవలిస్తున్నరు? ఎరికేనా?” అని అడిగాడు భోజన్న.

“కమిటీ ఇస్తుంది గద.”

“కమిటీకి ఏడికెళ్లి వస్తున్నయి?”

మొదట చందాలు వేసిన మాట నిజమే. కానీ ఆకు సరిగ్గా రాక, నెలలో సగం రోజులు కూడా బీడీల పని లేక, ఆ ఏడు దసరా దాటకముందే చందాలు ఆగిపోయాయి. అయినా టీచర్ వస్తూనే ఉంది కాబట్టి, కమిటీ ఎక్కడినుంచో తెచ్చి ఇస్తున్నదిలే అనుకుని ఆడవాళ్లు మళ్లీ ఆ సంగతి అడగలేదు.

“ఏడాదికోసారి బెల్టు షాపు వేలం పెడుతం” అన్నాడు భోజన్న, నేలవైపు చూస్తూ. “ఊళ్లె మందు అమ్మే హక్కు ఎవలు ఎక్కువ పాడితే వాళ్లది. గా వేలం పైసలే టీచరమ్మ జీతం. షాపు లేకుంటే వేలం లేదు. వేలం లేకుంటే జీతం లేదు.”

ఆడవాళ్లలో ఒక కదలిక వచ్చి ఆగింది. వేలం జరిగే రోజు కమిటీ ఇంట్లోకి ఆడవాళ్లు రారు. రావొద్దని ఎవరూ చెప్పలేదు, రమ్మని కూడా ఎవరూ అనలేదు. ఊళ్లో సగం మందికి తెలిసిన విషయం మిగతా సగం మందికి తెలియకుండా ఉండిపోవడానికి అంతకంటే పెద్ద గోడ అక్కర్లేదు. తమ మొగుళ్లకు తెలుసు. షాపు మూసిన రోజు వాళ్లెవరూ ఆ మాట ఎందుకు చెప్పలేదంటే, సిగ్గుపడ్డారో, చెప్పినా వినరనుకున్నారో వాళ్లకే తెలియాలి.

ఈరవ్వ గోడ దగ్గరినుంచి ముందుకు వచ్చింది.

“గుడికేమో చేపల పైసలు, బడికేమో మందు పైసలా భోజన్నా? చేపల పైసలు బడికియ్యున్రి. దేవునికి గావాల్నంటే మందు పైసలు ఇయ్యున్రి, తీస్కుంటడో లేదో సూద్దాం.”

వెనక ఎవరో కిసుక్కున నవ్వి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. భోజన్న నవ్వలేదు, కోపం తెచ్చుకోలేదు. చేపల ఆదాయం గుడి కట్టడానికి ఊరంతా మొక్కి ఒప్పుకున్నదని, దాన్ని తీస్తే రేపు ఎవరింట్లో ఎవరికి జ్వరం వచ్చినా తన మీదికే వస్తారని నిదానంగా చెప్పాడు. అది అబద్ధం కాదని ఈరవ్వకూ తెలుసు. వెనక్కి తగ్గింది.

అప్పుడన్నాడు భోజన్న, శ్యామలమ్మ జీవితంలో మరిచిపోలేని మాట.

“గీ ఉపాయం నాది గాదు వదినె. మీ శేఖర్‌ది.”

ఆమెకు మొదట వినపడలేదు. వినపడ్డాక కూడా వేరే శేఖర్ ఎవరోననుకుంది.

బోధన్ షుగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో శేఖర్ చెరకు ట్రాక్టర్ నడిపేవాడు. ఫ్యాక్టరీ మూతబడ్డాక చెరకు పోయింది, ట్రాక్టర్ పని పోయింది, అతను షాపు మెట్ల మీదికి చేరాడు. చందాలు ఆగిపోయి టీచర్‌ను పంపేద్దామా అని కమిటీ కూర్చున్న రోజు, అతను స్నానం చేసి ఉతికిన అంగీ వేసుకుని వచ్చి వెనక నిలబడ్డాడట. అప్పటిదాకా వేలం డబ్బు గుడి గోడకు పోయేది. మేం తాగేటోళ్లం ఎట్లన్నా తాగుతం, మా పైసలు గోడకెందుకు పెడతరు, పోరగాండ్లకు టీచర్‌ను పెట్టున్రి అన్నాడట. తాగి ఉంటే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. ఆ రోజు తాగలేదు గనుక అందరూ తలలు వంచుకుని ఒప్పుకున్నారు.

శ్యామలమ్మ చేతులు కుర్చీ పిడిని వెతికాయి. సాయంత్రాలు తూలుతూ వచ్చి, బీడీల చేట ముందు కూలబడి, బిడ్డ తల నిమురుతూ శేఖర్ అనే ఒక మాట ఉండేది. నేను తాగుతున్ననని అనుకుంటున్నవా అవ్వా, నా బిడ్డకు ఫీజు కడుతున్న అని. ఎన్నిసార్లు అన్నాడో. అన్న ప్రతిసారీ ఆమె చేతికందినదానితో వాడి వీపు మీద కొట్టింది. తాగుబోతు కూత అనుకుంది. వాడు నిజమే చెబుతున్నాడని ఎవరు అనుకుంటారు? నిజం చెబుతూ చెబుతూ చచ్చిపోయాడు. కడుపు ఉబ్బి, కళ్లు పచ్చబడి పోయాడు. ఆ మాట కొంతైనా నమ్మి ఉంటే, ఒరేయ్ ఫీజు చాలు, ఇంక కట్టకు అని కాళ్లు పట్టుకునేదేమో.

ఎవరో వినీతను అడిగారు, నీకు ఎరికేనా టీచరమ్మా అని. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. కమిటీ చందా అనే చెప్పారన్నది. తరువాత సంచీ తీసుకుని లేచి, ఎవరి వైపూ చూడకుండా బయటికి వెళ్లిపోయింది.

మిగిలిన మాట ఆత్మారాం సారు చెప్పాడు. వచ్చే ఏడాది ఉద్యోగం దిగిపోయే మనిషి, మెత్తగా మాట్లాడతాడు. టీచర్ పోతే వ్యాను మళ్లీ వస్తుందని, ఈసారి కమిటీ కూడా ఆపలేదని, వ్యాను ఫీజు కట్టలేనివాళ్ల పిల్లలే మిగులుతారని, పిల్లల లెక్క తీసేనాటికి బడిని రెంజల్‌లో కలిపేస్తారని చెప్పాడు. వాగు దాటి రెంజల్ దాకా ఆడపిల్లలను పంపేవాళ్లు ఎంతమందో ఆయన చెప్పనక్కర్లేదు. పెద్ద తరగతులకు అలా పోలేక ఆగిపోయిన అమ్మాయిలు ప్రతి అరుగు మీదా చేటలు ఒడిలో పెట్టుకుని కూర్చునే ఉన్నారు.

“నిఖితను గురుకులంల ఏద్దాం వదినె, నేను మాట్లాడత” అన్నాడు భోజన్న. “మంచిగ సదువుతది. హాస్టల్ల ఉంటది.”

శ్యామలమ్మ అతని వైపు చూసిన చూపుకు, ఆ మాట అక్కడే వదిలేశాడు.

“నీ మీద జుర్మానా ఏం ఏస్తలేం. తాళం నువ్వేసినవు, నువ్వే చెప్పు. రేపు పొద్దటిదాక సూస్తం.”

జుర్మానా వేస్తే ఎంత బాగుండేది అనుకుంది శ్యామలమ్మ. కట్టలేనంత వేసినా బాగుండేది.

బయటికి వస్తే వినీత బడి వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. శ్యామలమ్మ దగ్గరికి వెళ్లింది. ఆ పిల్ల ముఖంలో ఏడుపు లేదు. ఏదో తినకూడనిది తిన్నదాని ముఖంలా ఉంది.

“రేపు వస్తవా బిడ్డా?”

“తెల్వదమ్మా” అన్నది వినీత. “ఇంట్ల మా అమ్మకు మందులు గూడ గా పైసలతోనే కొన్న” అన్నది. అంతే, బస్సు కోసం వెళ్లిపోయింది.

ఆ పూట శ్యామలమ్మ పొయ్యి వెలిగించలేదు. నిఖిత పొద్దున మిగిలిన అన్నంలో కారం కలుపుకుని తిని, పాఠం తీసింది. చదువుతున్న పిల్ల పెదవుల వైపు చూస్తూ ఉండిపోయింది శ్యామలమ్మ. శేఖర్ పోయిన తరువాత కోడలు ఇలాగే ఒక సాయంత్రం బట్టలు మూటగట్టుకుని, ధర్మాబాద్ వైపు పుట్టింటికి పోయి మళ్లీ వచ్చి బిడ్డను తీసుకుపోతానని చెప్పింది. రాలేదు. ఇంకో పెళ్లి అయిందని తరువాత తెలిసింది. వస్తుందేమోనని ఆమె ఎంత భయపడిందో, రాలేదని తెలిశాక అంత ఏడ్చింది. పిల్ల తనకు దక్కినందుకు ఏడ్చిందో, పిల్లకు తల్లి దక్కనందుకు ఏడ్చిందో ఈనాటికీ తేల్చుకోలేదు.

ఇప్పుడూ అలాగే ఉంది. తాళం తీయాలనిపిస్తున్నది పిల్ల చదువు కోసమా, పిల్ల హాస్టలుకు పోకుండా తన దగ్గర ఉండడం కోసమా? ఎంత తవ్వినా అడుగు తగలలేదు. చివరికి ఒకటే తేలింది. ఇది తాను ఒక్కతే చెప్పదగిన మాట కాదు. తన కొడుకు పోనే పోయాడు, తనను కొట్టేవాడు ఇంక ఎవరూ లేరు. షాపు తెరిస్తే దెబ్బలు తినేది వేరేవాళ్లు.

పొద్దు వాలుతుండగా కొంగులోని తాళంచెవిని పిడికిట పట్టుకుని ఈరవ్వ ఇంటికి వెళ్లింది.

ఈరవ్వ అరుగు మీద చేట పెట్టుకుని ఉంది. తడిగుడ్డలో చుట్టిన ఆకు తీసి, రేకుముక్క పెట్టి కత్తిరిస్తున్నది. మోచేతి దగ్గర పాత దెబ్బ నీలం పోయి పసుపురంగుకు తిరిగింది. ఆమె మొగుడు లింగం దొడ్లో బర్రెకు గడ్డి వేస్తున్నాడు. తాగనప్పుడు లింగం మంచివాడు. ఆ వారమంతా తాగలేదు. నిన్న కూరలో ఉప్పు మరిచిపోతే లేచి తనే వేసుకున్నాడని పొద్దున్నే ఈరవ్వ నవ్వుతూ చెప్పింది.

శ్యామలమ్మ తాళంచెవిని చేట పక్కన పెట్టింది.

“నువ్వు జెప్పు. నా నోటికి వస్తలేదు.”

ఈరవ్వ ఆకు కత్తిరించడం ఆపలేదు. తంబాకు పోసింది, చుట్టింది, మూతి ముడిచింది. మరొకటి చుట్టింది. లోపలినుంచి ఆమె ఇద్దరు పిల్లలు ఎక్కం పోటీగా చెబుతున్నారు. చిన్నది మధ్యలో తప్పితే పెద్దది వెక్కిరిస్తున్నది.

“తియ్యి పెద్దమ్మా.”

“నిన్ను కొడతడే.”

“కొడతడు. కొట్టకుంటే ఊకుంటడా?” ఈరవ్వ గొంతు మామూలుగానే ఉంది. “నాకు అలవాటున్న దెబ్బలు. నా బిడ్డ గీడ కూసుండి ఆకు కత్తిరిస్తుంటే సూసుడు నాకు అలవాటు లేదు.”

శ్యామలమ్మ ఇంకేదో అనబోయింది. ఈరవ్వ తాళంచెవిని తీసి ఆమె చేతిలో పెట్టి వేళ్లు మూసింది.

“నేను లేవకముందే తియ్యి. నేను సూస్తుండంగ తియ్యకు.”

దొడ్లోంచి లింగం అన్నాడు, పెద్దమ్మకు చాయ్ పెట్టియ్యి అని. ఇద్దరూ అతనివైపు చూసి, ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోకుండా తల తిప్పుకున్నారు.

మర్నాడు తెల్లవారుతుండగా శ్యామలమ్మ వెళ్లి తాళం తీసింది. భోజన్న వచ్చి పక్కన నిలబడ్డాడు. రామ్‌దాస్ చేతులు జోడించి ఆమెకు దండం పెట్టాడు. ఆ దండం చూడనట్టు ఆమె మెట్లు దిగింది. ఇంటికి పోదామనుకుంది గానీ, టీచర్ వస్తుందో రాదో చూడాలని ఎదురుగా బస్సు ఆగేచోట దిమ్మె మీద కూర్చుంది. ఎవరూ చాటకపోయినా మాట ఎలా పాకిందో, రామ్‌దాస్ సీసాలు సర్దుకోకముందే ముగ్గురు వచ్చి చేరారు. మూడోవాడు లింగం. ఆమెను చూసి మొహం పక్కకు తిప్పుకుని లోపలికి పోయాడు.

బడివేళకు పిల్లలు వచ్చి బస్సు కోసం నిలబడ్డారు. వినీత టీచర్ దిగగానే సంచీ ఎవరు మోయాలన్నదానికి వాళ్లలో రోజూ తగువు. నిఖిత, ఈరవ్వ పెద్దపిల్ల ముందు వరుసలో ఉన్నారు. నిన్న జరిగింది వాళ్లకు తెలియదు. శ్యామలమ్మ బస్సు వచ్చే దారి వైపే చూసింది. రాకపోతే? తాళం తీసి, ఈరవ్వను దెబ్బలకు అప్పగించి, చివరికి ఆ పిల్ల రాకపోతే?

బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది.

వినీత దిగింది.

శ్యామలమ్మ కళ్ల నిండా నీళ్లు వచ్చాయి. పిల్లలు టీచర్, టీచర్ అంటూ చుట్టుముట్టారు. నిఖిత సంచీ పట్టుకుంది. వినీత నవ్వబోయి, పిల్లల తలల మీదుగా అటువైపు చూసింది. తెరిచిన రేకుల తలుపు, లోపల వేలాడుతున్న ఉప్పుశనగల పొట్లాలు, మెట్టు మీద గ్లాసు పట్టుకుని కూర్చున్న లింగం. ఈరవ్వ పెద్దపిల్ల కూడా అటే చూసి, నాయనను చూసి, గబుక్కున తల దించుకుంది. ఆ పిల్ల తల దించుకోవడాన్ని వినీత చూసింది.

నిఖిత చేతిలోంచి సంచీని మెల్లగా వెనక్కి తీసుకుంది. ఒక అడుగు వెనక్కి వేసి బస్సు తలుపు కమ్మీని పట్టుకుంది. శ్యామలమ్మ దిమ్మె మీదినుంచి లేచింది. పిలవాలనుకుంది. ఉండమని ఏ నోటితో అడగాలి, పొమ్మని ఏ నోటితో చెప్పాలి? పిల్లలంతా చేతులు దించేసి టీచర్ మొహంలోకి చూస్తున్నారు.

పైమెట్టు మీద నిలబడ్డ కండక్టర్‌కు ఇవేవీ తెలియవు. అతనికి టైమయింది.

“మేడం, ఎక్కుతున్నరా, ఉంటున్నరా? ఏదో ఒకటి చెప్పున్రి” అన్నాడు.